ల్యాప్‌టాప్‌కి ఏ బాడీ గట్టిది

కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కున్న కుర్రాళ్ళు ఎవరైనా నాకు చూపించడానికి తెస్తే, ముందుగా దాని మూత మీద వేలి కణుపుతో టకటకా కొట్టి చూస్తాను. వాళ్ళ మొహాలు మాడిపోతాయి. లోపల ఏముందో, అది ఎంత వేగంగా పనిచేస్తుందో చెప్పాలని వాళ్ళ ఆరాటం. నాకేమో పైన ఏముందో కావాలి. లోపలి సరుకు గొప్పలు చెప్పడానికి కంపెనీవాళ్ళు ఎలాగూ ఉన్నారు. పై తొడుగు గురించి మాట్లాడే నాథుడే ఉండడు. నాకు ఈ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. ఉద్యోగంలో పట్టుకుంది. ఎలా పట్టుకుందో చెబుతాను, వినే ఓపిక ఉంటే కూర్చోండి.

నర్సీపట్నంలో ఒక స్వచ్ఛంద సంస్థలో చాలా ఏళ్ళు పనిచేసి ఈమధ్యనే రిటైరయ్యాను. కొండ మీద ఊళ్ళలో జ్వరాలు చూడడం, రక్తం పరీక్ష చేయడం, మందులివ్వడం మా సంస్థ పని. ఆ పనికి వాడే మిషన్లు మూలపడకుండా చూసుకోవడం నా పని. మైక్రోస్కోపు బల్బు దగ్గర్నుంచి జీపు హారన్ దాకా ఏది పలకకపోయినా నన్నే పిలిచేవారు. మాది గొలుగొండ పక్క చెరకు రైతుల కుటుంబం. పంపుసెట్లు విప్పి బిగించడంతో మొదలైన చెయ్యి నాది, పెద్ద చదువులేం లేవు. కోపం మాత్రం కొంచెం ఎక్కువ. మిషన్ పాడైందని తెచ్చినవాళ్ళని, మిషన్ మీద చెయ్యి వేసేకంటే ముందు తిట్టేవాణ్ణి.

కాగితాల మీద రాసుకునే జ్వరాల వివరాలన్నీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించాలని ఒక ఏడాది పైనుంచి హుకుం వచ్చింది. ఊరూరా తిరిగే ఆరోగ్య కార్యకర్తలను మేం సిస్టర్లు అని పిలిచేవాళ్ళం. ఒక్కో సిస్టర్‌కి ఒక్కో ల్యాప్‌టాప్ ఇచ్చారు. మామూలు నల్ల ప్లాస్టిక్ బాడీవి. కొన్నాళ్ళు బాగానే నడిచాయి. ఆ తరవాత ఒకటొకటిగా నా బల్ల మీదకి రావడం మొదలైంది. లోపల అంతా సుబ్బరంగా ఉండేది, రోగమల్లా పైనే. కీబోర్డుకి దిగువన మణికట్టు ఆనించే చోట ప్లాస్టిక్ జిగురు జిగురుగా అయ్యేది. మూత మూలల్లో సన్నటి పగుళ్ళు వచ్చేవి. ఆ పగుళ్ళు ముదిరి మూల మొత్తం ఊడి చేతిలోకి వచ్చేసేది.

మిగతా సిస్టర్లవి అక్కడక్కడా మచ్చపడడంతో సరిపెట్టుకున్నాయి. ఒక సిస్టర్‌ది మాత్రం పూర్తిగా పోయింది. ఇంకోటి ఇచ్చాం. అదీ పోయింది. మూడోది ఇచ్చాం. అది కూడా మూల విరిగి, తువ్వాలులో చుట్టుకుని నా బల్ల మీదకి వచ్చింది.

మా డైరెక్టరు గారు కృష్ణా జిల్లా మనిషి. పెద్ద ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, ఊరికే కూర్చోలేక మా సంస్థకి వచ్చారు. ఏ వస్తువు పాడైనా, దానికి బాధ్యుడు ఎవరో ఒక మనిషి దొరికేదాకా ఆయనకి నిద్ర పట్టదు. నన్ను గదిలోకి పిలిచి, విరిగిన మూల ముక్కని బల్ల మీద పెట్టారు.

"ఒకటి పాడైతే ఖర్మ అనుకుందాం. రెండోది పాడైతే సరుకు మంచిది కాదనుకుందాం. మూడోది కూడా ఆ అమ్మాయి చేతిలోనే ఎందుకు పాడవుతోంది, మీరే చెప్పండి" అన్నారు.

ఆ ముక్క తీసుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాను.

ఆ సిస్టర్‌ది కాంట్రాక్టు ఉద్యోగం. నెలాఖరు మీటింగులో దాన్ని పొడిగించాలో వద్దో తేల్చాలి. అజాగ్రత్త అని తేలితే పొడిగించరు. ఆ మీటింగులోపు నేను రెండు పనులు చేయాలి. బజారులో దొరికే ల్యాప్‌టాప్ బాడీలన్నీ పోల్చి, కొండ మీద ఏది నిలబడుతుందో రాయాలి. ఇవి విరగడానికి కారణం వస్తువా, మనిషా అన్నది కూడా రాయాలి. ఆయనకి రెండూ ఒకే పనిగా కనిపించాయి. నాకు మొదటిది నా పని అనిపించింది. రెండోది పోలీసు పని అనిపించింది.

ఆ పిల్ల కొండ మీది పిల్ల. వాళ్ళ ఊళ్ళో నెలజీతం తెచ్చుకున్న మొదటి మనిషి. వాళ్ళ భాష, మన తెలుగు రెండూ వచ్చు. కింద నుంచి వెళ్ళిన సిస్టర్ జ్వరం గురించి అడిగితే ముసలివాళ్ళు తలుపులేసుకునేవారు. ఈ పిల్ల అడిగితే రక్తం పరీక్షకి వేలు చాపేవారు. అలాంటి మనిషిని పోగొట్టుకోవడం ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ వేరే ఉంది. మా కమిటీలో ఒక పెద్దమనిషి టీ తాగుతూ, "కొండవాళ్ళ చేతికి ఇలాంటివి ఇవ్వకూడదని నేను మొదటే చెప్పాను" అనేశాడు. ఈ పిల్ల పోతే ఒక్క ఉద్యోగంతో పోదు, ఆ మాట నిజమైపోతుంది. ఆ తరవాత కొండ మీద నుంచి ఏ ఆడపిల్ల దరఖాస్తు పెట్టినా ఈ విరిగిన మూల ముక్కే అడ్డొస్తుంది. ఆ మాట విన్న రోజు నాకు ఒళ్ళు మండిపోయింది గానీ, ఒళ్ళు మండితే రిపోర్టు మారదు కదా.

విశాఖపట్నంలో పాత ల్యాప్‌టాప్‌లు విడగొట్టి అమ్మే కొట్లు తిరిగి, నాలుగు రకాల బాడీలు ఏరుకొచ్చాను. ఒకటి మేం వాడే మామూలు ప్లాస్టిక్. రెండోది గాజు నార కలిపి గట్టిపరచిన ప్లాస్టిక్. మూడోది అల్యూమినియం. నాలుగోది మెగ్నీషియం కలిపిన లోహం, చేత్తో పట్టుకుంటే లోహమంటే నమ్మబుద్ధి కానంత తేలిక. డైరెక్టరు గారి మనసు అప్పటికే అల్యూమినియం మీద ఉంది. ఆయన ఫ్యాక్టరీ బుర్రకి లోహం అంటే గౌరవం.

చేయగలిగిన చిత్రహింసలన్నీ చేశాను. బల్ల మీంచీ, మేడ మీంచీ కిందికి తోశాను. ఎండలో స్లాబు మీద పడేశాను. జీపు వెనక కట్టి చింతపల్లి ఘాటు రోడ్డు ఎక్కించి దింపాను. అల్లం టీ పోశాను, చెమటకి బదులు ఉప్పునీళ్ళు పోశాను. మా స్టోరు చూసే అక్కగారు, నాకంటే కాస్త పెద్దావిడ, గుమ్మంలో నిలబడి ఇదంతా చూసేది.

"తమ్ముడా, నీకు జీతం దాన్ని బాగుసేయడానికి ఇత్తన్నారా, సంపడానికి ఇత్తన్నారా?" అంది.

"రెంటికీ ఒకటే జీతమక్కా" అన్నాను.

అల్యూమినియం విరగలేదు గానీ సొట్టపడింది. సొట్టపడిన చోట లోపలి స్క్రీను పగిలింది. మెగ్నీషియంది దెబ్బకి తట్టుకుంది, పైనున్న రంగు పెచ్చులు లేచింది. గాజు నార ప్లాస్టిక్ బిర్రుగా నిలబడింది. మామూలు ప్లాస్టిక్ చేసిన పని చూస్తే నాకే ముద్దొచ్చింది. దానిది సాగే గుణం. కింద పడితే కాస్త ఒంగి మళ్ళీ యథాస్థానానికి వచ్చేసేది. ఎండకి జిగురెక్కలేదు. ఉప్పునీళ్ళకి చలించలేదు. మూలలు పగలనే లేదు.

నేను మురిసిపోవాల్సిన సమయం కాదది. ఎండకీ చెమటకీ దెబ్బకీ తట్టుకున్న ప్లాస్టిక్ ఆ పిల్ల చేతిలో విరిగిందంటే, కాగితం మీద అది ఆ పిల్ల తప్పే అవుతుంది. పరీక్షలు ఎంత గట్టిగా చేస్తే నేరం ఆమె మీద అంత గట్టిపడుతోంది. పిల్లని పిలిచి అడిగాను.

"నిజం చెప్పమ్మా. ఏం చేస్తున్నావు దాన్ని?"

"ఏటీ సేయట్లేదు సార్. తువ్వాల్లో సుట్టి సంచిలో ఎడతాను. అన్నం తినేకాడ బయటికి తియ్యను. వోన పడితే నా గొడుగు దానికే పడతాను. ఏటవుతందో నాకే తెలీట్లేదు సార్."

అబద్ధం చెప్పేవాళ్ళు ఇన్ని వివరాలు చెప్పరని నా నమ్మకం. కానీ రిపోర్టులో నా నమ్మకం రాస్తే డైరెక్టరు గారు ఎర్ర సిరాతో గీత కొట్టేస్తారు. ఆయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ప్లాస్టిక్‌లో లోపం దొరకలేదు, అయినా ఆ పిల్లది తప్పని నాకు అనిపించడం లేదు అన్నాను. ఆయన ఎర్ర సిరా పెన్నుకి మూత పెట్టేశారు.

"ఆ అమ్మాయి పని చేస్తుండగా ఒకసారి వెళ్ళి చూసి రండి. కళ్ళతో చూడకుండా ఒక మనిషిని తీసేయడం నాకిష్టం లేదు. అల్యూమినియం బాడీది కొత్తది ఒకటి తెప్పించాను, దాన్ని కూడా పట్టుకెళ్ళి అక్కడ వాడించి చూడండి" అన్నారు.

ఆ మాటకి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. అప్పటిదాకా లేదని కాదు, తక్కువగా ఉండేది.

మీటింగుకి ముందు రోజు జీపులో బయల్దేరాం. ఘాటు ఎక్కి, తారు రోడ్డు వదిలి, ఎర్ర మట్టి దారిలో ఊరు చేరేసరికి ఎండ నడినెత్తి మీదకి వచ్చింది. బడి వరండాలో చాప పరిచి సిస్టర్ కూర్చుంది. నేను ఒక మూల స్తంభానికి ఆనుకుని, దొంగని పట్టుకోవడానికి వచ్చినవాడిలా చూస్తూ కూర్చున్నాను. చూసేకొద్దీ నాకే సిగ్గేసింది. మూల విరిగినా నడుస్తున్న ఆ మూడో ల్యాప్‌టాప్‌ని తీసేటప్పుడు రెండు చేతులా తీసేది. మూత ఎత్తేటప్పుడు నెమ్మదిగా ఎత్తేది. ఎవరైనా పిల్లలు దగ్గరికొస్తే మోచేత్తో అడ్డం పెట్టేది. జ్వరంవాళ్ళ వేలు గుచ్చి రక్తం చుక్క గాజుపలక మీద తీసుకోవడం, పేరు ఎక్కించడం, మాత్రలు లెక్కపెట్టి ఇవ్వడం, ఎప్పుడు మింగాలో వాళ్ళ భాషలో రెండుసార్లు చెప్పించుకోవడం, అన్నీ ఒక పద్ధతిగా సాగాయి. నేను తిట్టడానికి సందు దొరకలేదు.

అల్యూమినియం ల్యాప్‌టాప్ వంతు వచ్చింది. బడిలో ఉన్న ప్లగ్గుకి ఛార్జరు పెట్టి ఆమె ముందుంచాను. సిస్టర్ దాని మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"సార్, ఇది జివ్వుమంటంది."

నేను పెట్టి చూశాను. నిజమే, చీమలు పాకుతున్నట్టు ఉంది. ప్రాణం తీసే కరెంటు కాదది. ఛార్జరుని రెండు పుల్లల ప్లగ్గుకి పెట్టినా, గోడలో సరైన ఎర్తింగు లేకపోయినా లోహం బాడీలో ఆ కాస్త తిమ్మిరి తెలుస్తుంది. మా ఆఫీసులో మూడు పుల్లల ప్లగ్గు, ఎర్తింగు దివ్యంగా ఉన్నాయి కాబట్టి అక్కడ నాకు తెలియలేదు. క్యూలో ఉన్న ఒక ముసలావిడ కూడా వేలు పెట్టి చూసి, చెయ్యి వెనక్కి లాక్కుని, వాళ్ళ భాషలో ఏదో అంది. వరండా అంతా గొల్లుమంది.

"ఏమందమ్మా?" అని అడిగాను.

"దీనికీ వొణుకుజొరం వొచ్చీసిందంట సార్. ముందు దీనికి మాత్ర ఎయ్యమంటంది."

నేనూ నవ్వాను. నవ్వుతూనే డైరెక్టరు గారి లోహానికి మనసులో నీళ్ళొదిలేశాను. ముట్టుకుంటే ఉలిక్కిపడే వస్తువుని పక్కన పెట్టుకుని రక్తం చుక్క తీయడం ఎవరికైనా కష్టమే.

పొద్దు వాలేసరికి దోమలు లేచాయి. సిస్టర్ సంచిలోంచి ఒక సీసా తీసి, చేతిలో వంపుకుని, అరచేతులు, మణికట్లు, మోచేతుల దాకా, తరవాత కాళ్ళకీ శ్రద్ధగా పట్టించింది. సీసా నాకు అందించింది.

"మీరూ రాసీసుకోండి సార్. కొత్త రగతమంటే ఈటికి సరదా ఎక్కువ."

అది మా సంస్థ ఇచ్చే దోమల మందే. జ్వరాల ఊళ్ళకి వెళ్ళే ప్రతివాళ్ళూ రాసుకోవాలని ట్రైనింగులో చెప్పి మరీ ఇచ్చేవాళ్ళం. వాసన ఘాటు. నేనూ రాసుకుని, చెమటకి జారుతున్న కళ్ళజోడు పైకి తోసుకుని, మళ్ళీ నా కాపలాలో కూర్చున్నాను. ఆమె మిగిలిన పేర్లు ఎక్కించి, మూత మూసి, తువ్వాలు చుట్టింది. మర్నాటి మీటింగుకి తనూ రావాలి కాబట్టి నాతోనే జీపెక్కింది.

ఘాటు దిగుతుండగా తనే అడిగింది.

"సార్, రిపోర్టులో ఏటి రాత్తారు?"

"చూసిందే రాస్తానమ్మా."

"ఏటి సూసారు సార్?"

ఏమీ చూడలేదు. అదే నా కష్టం. తప్పు కనిపించలేదు అని రాయొచ్చు. మరి మూడు ల్యాప్‌టాప్‌లు ఎలా విరిగాయి అని అడిగి, ఆ రాత మీద కూడా ఎర్ర గీత కొట్టేస్తారు. ఆమెని చుట్టాల ఇంటి దగ్గర దింపి ఇంటికి వచ్చాను.

పొద్దున్న లేచి పేపరు చదవబోతే కళ్ళజోడు ఒక పక్క గరుగ్గా తగిలింది. నాది నల్ల ప్లాస్టిక్ ఫ్రేము. కుడి పక్క, చెవి దగ్గరికి వెళ్ళే పుల్ల మీద తెల్లటి మచ్చ ఉంది. తుడిస్తే పోలేదు. మా ఆవిడ మీద ఎగిరాను.

"నా కళ్ళజోడు దేంతో తుడిచావు?"

"మీ కళ్ళజోడుతో నాకేటి పనండి. కాఫీ సల్లారిపోతంది, ముందది తాగండి."

కిటికీ వెలుగులో పెట్టి చూశాను. మచ్చలో సన్నటి గీతలు వంపులు తిరిగి ఉన్నాయి. అవి నా వేలి గీతలు. మురికి అంటుకుని పడిన ముద్ర కాదు, ప్లాస్టిక్ మెత్తబడినప్పుడు లోపలికి దిగి గట్టిపడిన ముద్ర. నేను కళ్ళజోడు పైకి తోసుకునే చోటు సరిగ్గా అదే. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. దోమల మందు.

లేచిన విసురుకి కాఫీ ఒలికిపోయింది. మా ఆవిడ వెనక నుంచి ఏదో అంటోంది గానీ నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వీధిలోకి వచ్చేశాను.

ఆఫీసులో అక్కగారు అప్పుడే స్టోరు తాళం తీస్తోంది.

"అక్కా, బేగి ఒక దోమల మందు సీసా ఇయ్యి."

"పొద్దున్నే నిన్ను ఏ దోమ కుట్టింది తమ్ముడా?"

"కుట్టింది నన్ను కాదు. ముందు ఇయ్యక్కా."

నాలుగు రకాల బాడీ ముక్కలు వరసగా పేర్చాను. ఒక్కోదాని మీద మందు రాసి, నా బొటనవేలు గట్టిగా అదిమిపెట్టాను. ప్లాస్టిక్ మూలని కాస్త వంచి క్లిప్పుతో బిగించి, ఆ వంపు మీద కూడా మందు రాశాను. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. అంత ఓపిగ్గా నేను ఎప్పుడూ, ఎక్కడా కూర్చోలేదు. అక్కగారికి ఏమీ అర్థం కాకపోయినా తనూ పక్కన కూర్చుంది.

కాసేపటికి మామూలు ప్లాస్టిక్ నిగనిగ పోయి మసకబారింది. వేలు పెడితే అతుక్కుంది. గాజు నార ప్లాస్టిక్ కూడా అదే దారి పట్టింది, కాకపోతే నెమ్మదిగా. మెగ్నీషియం మీది రంగు మెత్తబడి గోటికి ఊడొచ్చింది. అల్యూమినియం మీద తుడిస్తే ఏమీ లేదు. క్లిప్పు పెట్టిన మూల మాత్రం దానంతట అదే టిక్కుమని పగిలింది. ఎండలో వేసినా, మేడ దూకించినా పగలని మూల అది. మూత ఎత్తేటప్పుడు రోజూ బొటనవేలు పడే చోటు కూడా అదే.

"అక్కా, ఈ మందు సిస్టర్లందరూ తీసుకెళ్తారా?" అని అడిగాను.

"ఎవులు తీసుకెళ్తారు? మొదట్లో ఒకటి రెండు మాట్లు రాసుకుని, వాసనని మానీసారు. ఇచ్చిన సీసాలు అలాగే బీరువాల్లో ఉంటాయి. ఆ కొండమీద పిల్లొక్కర్తే అయిపోతే సాలు అడిగి మరీ పట్టుకెళ్తాది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేం చెప్పిన నియమాన్ని అందరూ గాలికొదిలేశారు. వాళ్ళ ల్యాప్‌టాప్‌లు బాగున్నాయి. ఒక్క మనిషి అక్షరాలా పాటించింది. ఆ మనిషిని అజాగ్రత్త అని తీసేయడానికి మేం మీటింగు పెట్టుకున్నాం.

మీటింగులో డైరెక్టరు గారు, కమిటీ పెద్దలు బల్ల చుట్టూ కూర్చున్నారు. సిస్టర్ తలుపు దగ్గర నిలబడి ఉంది. నేను ముక్కలన్నీ బల్ల మీద పేర్చి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. కొండవాళ్ళకి ఇవ్వకూడదన్న పెద్దమనిషి నమ్మలేదు.

"ఒంటికి రాసుకునే మందు ప్లాస్టిక్‌ని తినేస్తే, మరి మన చర్మం సంగతేంటండీ?" అన్నాడు.

"పెట్రోలు చుక్క పడితే థర్మకోలు కరిగిపోతుంది, స్టీలు గిన్నెకి ఏమీ కాదు. అలాగే ఇదీనండి. చర్మం వేరు, ప్లాస్టిక్ వేరు" అన్నాను.

ఆయన ఇంకా ఏదో అనబోతుంటే డైరెక్టరు గారు చెయ్యెత్తి ఆపారు. సీసా అందుకుని, తన బొటనవేలికి మందు రాసుకుని, జేబులోంచి తన కొత్త ఫోను తీశారు. వెనక వైపు తళతళలాడే ప్లాస్టిక్ కవరు. నేను వద్దండీ అనేలోపే దాని మీద వేలు అదిమిపెట్టారు. "టీ తెప్పించండి" అన్నారు. టీలు వచ్చాయి. తాగాం. కప్పులు ఖాళీ అయినా ఆయన వేలు తీయలేదు. మా అందరి కళ్ళూ ఆ వేలి మీదే ఉన్నాయి. తలుపు దగ్గర ఆ పిల్ల చీర కొంగు రెండు చేతుల్తో పట్టుకుని నలిపేస్తోంది.

చివరికి ఆయన వేలు తీశారు. రుమాలుతో తుడిచారు. మళ్ళీ తుడిచారు. గీతలతో సహా ఆయన ముద్ర అక్కడే ఉండిపోయింది. ఆయన దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, గట్టిగా నవ్వేశారు. ఆ మనిషి నవ్వగలడని మాకు ఆ రోజే తెలిసింది. నవ్వు ఆగాక తలుపు వైపు తిరిగారు.

"నువ్వు ఇంతసేపూ నిలబడే ఉన్నావా అమ్మా? వచ్చి కూర్చో."

కుర్చీ చివర అంచు మీద కూర్చుంది.

"ఈ మందు మానేస్తే ల్యాప్‌టాప్‌లు బతుకుతాయి. మానేస్తావా?" అని అడిగారు.

ఆమె నా వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా అయినా స్పష్టంగా చెప్పింది.

"మాన్ను సార్. నాకు జొరమొత్తే ఊళ్ళో జొరాలు ఎవులు సూత్తారు?"

ఆయన తల ఊపి, కాంట్రాక్టు కాగితం దగ్గరికి లాక్కుని, మారుమాట లేకుండా సంతకం పెట్టారు. పెద్దమనిషి రెండో టీ అడిగాడు. అంతకుమించి ఆయన ఆ రోజు నోరు విప్పలేదు. నేను బల్ల మీది కళ్ళజోడు తీసి, ఆ మచ్చతోనే పెట్టుకున్నాను. ఉద్యోగంలో మెచ్చుకోళ్ళు అప్పుడప్పుడూ వచ్చాయి గానీ, అంత హాయి మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఇంతకీ ఏ బాడీ గట్టిదని మీరు అడుగుతారు. నా రిపోర్టులో మామూలు ప్లాస్టిక్కే కొనమని రాశాను. పడితే లేస్తుంది, తేలిగ్గా ఉంటుంది, ముట్టుకుంటే జివ్వుమనదు. మందు రాసుకున్నాక మణికట్ల దాకా చేతులు సబ్బుతో కడుక్కుంటే సరిపోతుందని మీటింగులోనే చెప్పాను. ప్రతి సిస్టర్ సంచిలో ఒక సబ్బు పెట్టమన్నాను. ఇన్ని లోహాలు తిరిగి చివరికి సబ్బు దగ్గర తేలానని అక్కగారు నన్ను రిటైరయ్యేదాకా ఏడిపించింది. మీలో ఎవరైనా రేపు నాలాంటి ఉద్యోగంలో చేరితే ఒక మాట గుర్తు పెట్టుకోండి. వస్తువుని ఎండలో వెయ్యండి, నీళ్ళలో వెయ్యండి, మేడ మీంచి తొయ్యండి, కాదనను. దాన్ని వాడే మనిషి పక్కన ఒక పూట కూర్చోకుండా మాత్రం రిపోర్టు రాయకండి.

ఆ రోజు మీటింగు అయ్యాక బయటికొస్తే సిస్టర్ వరండా మెట్లు గబగబా దిగుతోంది. స్వీట్లు తెప్పించడానికి అక్కగారు మనిషిని పంపింది, తిని వెళ్ళమన్నాను.

"వొద్దు సార్, బస్సు ఎలిపోతాది. మా అన్నకి పాప పుట్టింది."

"మంచి కబురే కదమ్మా. ఎప్పుడు పుట్టింది?"

"నెల దాటింది సార్." ఒక క్షణం ఆగింది. "నానింకా ఎత్తుకోలేదు. ఏది ముట్టుకున్నా ఇరిగిపోతంటే, నా సేతులే మంచివి కావేమో అనుకున్నాను. వొదిన ఇత్తన్నా పని ఉందని సెప్పి ఎలిపోయేదాన్ని."

ఆ విరిగిన ముక్కల వెనక ఇది కూడా ఉందని ఏ పరీక్షలోనూ తెలిసేది కాదు.

ఆమె గేటు దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చింది. నన్ను దాటుకుని తిన్నగా స్టోరులోకి వెళ్ళి, "అక్కా, ఒక సబ్బు ఇయ్యవా?" అని అడిగింది. పంపు దగ్గర నిలబడి, మోచేతుల దాకా నురగ పట్టించి, ఒక్కో వేలూ రుద్ది రుద్ది కడుక్కుంది. కొంగుకి తుడుచుకోకుండా తడి చేతులు గాలిలో ఆరబెట్టుకుంటూ, బస్సు కోసం పరుగెత్తింది.